నదిలో ఉన్నంతసేపూ బల్గేరియా

ఆ ఏడాది మా కంపెనీ ఓడలన్నిటికీ ఒక ప్రశ్నాపత్రం పంపింది. నదుల్లో, రేవుల్లో దారి చూపే పైలట్ ఎక్కినప్పుడు ఓడ బ్రిడ్జి మీద అధికారులు కలసికట్టుగా పనిచేస్తున్నారా, దాని మీద మీ అభిప్రాయాలేమిటి, నిర్మొహమాటంగా రాయండి అని పద్నాలుగు ప్రశ్నలు. మా కెప్టెన్ థియోఫిలోస్ కొందోస్ ఆ కాగితాలు భోజనాల బల్ల మీద పరిచి, కళ్లజోడు సవరించుకుని, మా అందరి అభిప్రాయాలూ ఆయనే చెప్పడం మొదలుపెట్టారు.

"రాసుకోండి. ఒకటో ప్రశ్నకి, చాలా బాగుంది. రెండోదానికి, చాలా బాగుంది. మూడోదానికి ఉత్త బాగుంది అని రాయండి. అన్నిటికీ ఒకటే రాస్తే ఆఫీసువాళ్లకి అనుమానం వస్తుంది."

"ఎవరి అభిప్రాయం వాళ్లు రాయాలట కదండీ," అన్నాడు చీఫ్ ఆఫీసర్ క్రెషిమిర్.

"అందరం ఒక్కమాట మీద ఉంటేనే గదయ్యా కలసికట్టు. తలో మాటా రాస్తే దాన్నేమంటారు?"

క్రెషిమిర్ అరవై మూడేళ్ల క్రొయేషియా మనిషి. వారంలో పదవీవిరమణ చేసి ఇంటికి పోతున్నవాడు. కెప్టెన్ అడిగినదానికి పేరేమిటో చెప్పే ఓపిక అతనికి లేదు. తల వంచుకుని రాసేశాడు. ఏడో ప్రశ్న, 'పైలట్ పొరపాటు చేస్తున్నాడనిపిస్తే మీరు నోరు విప్పుతారా?' దానికి "వెంటనే విప్పుతాం" అని రాయమన్నారు కెప్టెన్. నేను 'వెంటనే' కింద గీత కూడా గీశాను.

గీయడానికి నాకో కారణం ఉంది. నా పేరు స్మరాండా కారైమాన్. అప్పటికి అయిదేళ్లుగా సెకండ్ ఆఫీసర్‌ని. క్రెషిమిర్ గలాత్సి రేవులో దిగిపోతే చీఫ్ ఆఫీసర్ కుర్చీ ఖాళీ. దానికి కావలసిన పరీక్షలన్నీ ఎప్పుడో పాసయ్యాను. మిగిలిందల్లా కెప్టెన్ సంతకం పెట్టిన సిఫారసు ఉత్తరం. ఉత్తరం కూడా టైపు చేసి ఆయన సొరుగులోనే ఉంది. గలాత్సిలో లంగరు పడగానే సంతకం పెడతానని మాటిచ్చారు. అది పడేదాకా ఆయన పగలే వెన్నెల కాస్తోందన్నా నేను కాదనే స్థితిలో లేను.

ఆ ముందు నెలే మమ్మల్నందరినీ పిరేయస్‌లో మూడు రోజుల శిక్షణకి పంపారు. అక్కడ ఒక పిల్లిగడ్డం కుర్రాయన మాకు పచ్చి మాకరోనీ పుల్లలిచ్చి గోపురం కట్టమన్నాడు. ఎవరి గోపురం ఎత్తుగా నిలబడితే వాళ్లది గట్టి జట్టు. మా కెప్టెన్ పుల్లలన్నీ తనవైపు లాక్కుని ఒక్కరే కట్టారు. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. మాకే మొదటి బహుమతి వచ్చింది. ఆ పత్రాన్ని బ్రిడ్జి మీద కాఫీ యంత్రం పైన మేకు కొట్టి తగిలించారు. దాని పక్కనే కంపెనీవాళ్ల బొమ్మ ఒకటి. ఒక అమ్మాయి వేలెత్తి నవ్వుతుంటుంది. కింద 'మాట్లాడండి, మీ మాట ఓడను కాపాడవచ్చు' అని ఉంటుంది.

ఇక నా సొంత చిక్కు. నాది తుల్చా. డాన్యూబ్ నది మూడు పాయలయ్యే చోట ఉన్న ఊరు. మా నాన్న పడవలకి తారు పూసి బతికాడు. ఆ నది పాయల్లో ఒకటైన సులినా కాలవలో ఎక్కే పైలట్లు మాట్లాడేది నా తల్లిభాష. ఏ ఓడలో అయినా ఇది లాభమనుకుంటారు. మా ఓడలో మాత్రం ఇది ఖర్చు.

ఎందుకంటే పైలట్‌కి దిగేటప్పుడు ఒక కార్టన్ సిగరెట్లు ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. కిందటి ప్రయాణంలో ఎక్కిన పైలట్ నేను తుల్చా పిల్లనని తెలియగానే పొంగిపోయాడు. మా మేనత్త పెళ్లికి తాను వచ్చానన్నాడు. దిగేటప్పుడు 'మన పిల్ల ఉన్న ఓడే కదా' అని చనువు కొద్దీ నాలుగు కార్టన్లు, ఒక పంది తొడ పట్టుకుపోయాడు. ఆ పంది తొడని కెప్టెన్ తన పుట్టినరోజుకి దాచుకున్నారు. అందుకని ఈసారి సులినా ఇంకా కనబడకముందే నన్ను పక్కకి పిలిచారు.

"స్మరాండా, ఈ నదిలో ఉన్నంతసేపూ నువ్వు బల్గేరియా పిల్లవి."

"నాకు బల్గేరియన్ ఒక్క ముక్క రాదు కెప్టెన్ గారూ."

"పైలట్‌కి మాత్రం వచ్చేడ్చిందా? వాళ్ల భాషలో నోరు విప్పావంటే చూడు. ఆ సొరుగులో ఏముందో నీకు తెలుసు."

నాకు తెలుసు. ఓడంతా తెలుసు.

పొద్దున తొమ్మిదింటికి సులినా దగ్గర పైలట్ నికుషోర్ తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, కాస్త బొజ్జ, చేతిలో తన సొంత రేడియో. బ్రిడ్జి అంటే ఓడ వెనకభాగంలో అయిదంతస్తుల ఎత్తున చుట్టూ అద్దాలతో ఉండే గది. ఓడని నడిపేది అక్కడినుంచే. పైలట్ అక్కడికి రాగానే అతనికి ఓడ సంగతులు కెప్టెన్ చెప్పాలి, కెప్టెన్‌కి నది సంగతులు అతను చెప్పాలి, ఇద్దరూ ఒక అవగాహనకి రావాలి అని రూలు. మా బ్రిడ్జి మీద అవగాహన ఇలా కుదిరింది.

"కాఫీ?"

"రెండు చెంచాల పంచదార."

"ఇక్కడో సంతకం."

"ఎక్కడ?"

"ఇదుగో, ఇక్కడ."

అయిపోయింది. ఆ కాగితంలో ఇరవై రెండు గళ్లుంటాయి. ముందురోజు సాయంత్రమే కూర్చుని నేను అన్నిటికీ ముత్యాల్లాంటి టిక్కులు పెట్టి ఉంచాను. ఎదురొచ్చే పడవల గురించి చర్చించారా? టిక్కు. బ్రిడ్జి మీద ఏ భాష వాడాలో తేల్చుకున్నారా? టిక్కు. అనుమానం వస్తే అడగమని అందరికీ చెప్పారా? దానికి రెండు టిక్కులు పడ్డాయి, కలం జారి.

"ఈ అమ్మాయి మా సెకండ్ ఆఫీసర్. బల్గేరియా," అన్నారు కెప్టెన్ ఇంగ్లీషులో.

నికుషోర్ నాకు తల ఊపి, కిటికీ దగ్గరికి పోయి, రేడియోలో తన నేస్తానికి మా భాషలో చెప్పుకున్నాడు. "ఎక్కానురా. గ్రీకువాడి ఓడ. పీకకి టై బిగించాడు గానీ కాఫీ మటుకు గిన్నెలు కడిగిన నీళ్లు. పక్కనో బల్గేరియా పిల్ల. దానికి దేవుడు నోరిచ్చినట్టు లేదు."

కెప్టెన్ నా చెవి దగ్గరికొచ్చారు. "ఏమంటున్నాడు?"

"మీ టై బాగుందంటున్నాడు."

ఆయన మురిసిపోయి ముడి సర్దుకున్నారు.

సులినా కాలవ ఇరుకు. రెండు ఒడ్డులమీదా రెల్లు, చెట్లు, అక్కడక్కడ ఇళ్లు, నీళ్లలోకి దించిన మెట్లు. నూట నలభై మీటర్ల ఓడ అందులోంచి పోతుంటే ఇళ్లల్లో వాళ్లు కూరగిన్నె మీద మూత పెట్టుకుంటూ మనల్ని చూస్తారు. క్రెషిమిర్ ఓడ ముందుకొసన లంగరు దగ్గర నిలబడ్డాడు. నదిలో చీఫ్ ఆఫీసర్ చోటు అదే. ఏదైనా జరిగితే లంగరు వదిలేందుకు. చుక్కాని ఫిలిప్పీన్స్ కుర్రాడు రొడెల్ చేతిలో ఉంది. నేను యంత్రం మీట దగ్గర. కెప్టెన్ మధ్యలో, చేతులు వెనక్కి కట్టుకుని, టై మీద ఎండ పడేలా.

పన్నెండున్నరకి భోజనం బ్రిడ్జి మీదికే వచ్చింది. పైలట్‌కి కడుపునిండా పెట్టడం మా కెప్టెన్‌కి పరువు సంగతి. ఆండ్రోస్ దీవిలో వాళ్లమ్మ చేసే పద్ధతిలో, మట్టిపాత్రలో గొర్రెమాంసం, టమాటా, బియ్యపుగింజలంత మాకరోనీ కలిపి వండించారు. పైన ఇంత జున్ను తురిమించారు. నికుషోర్ వెనక ఉన్న బల్ల దగ్గర, నదికి వీపు పెట్టి కూర్చున్నాడు. పైలట్ తింటున్నాడు గనక ఓడని కెప్టెన్ చూస్తున్నాడని అతని నమ్మకం. పైలట్ ఉన్నాడు గనక అతనే చూస్తున్నాడని కెప్టెన్ నమ్మకం. ఇద్దరూ చూస్తున్నారు కదా అని రొడెల్ తన ముందున్న దిక్సూచి అంకెలు చూసుకుంటున్నాడు. ఇంతమంది ఇంత గట్టిగా ఒకళ్లనొకళ్లు నమ్మడం నేను గుడిలో కూడా చూడలేదు.

అప్పుడు బల్ల మీదున్న నికుషోర్ రేడియో గరగరలాడింది. మా భాషే.

"నికుషోర్, నేను గికుని. ఆరు బార్జీలు తోసుకుంటూ కిందికొస్తున్నా, నిండా గోధుమ. నా కుడి ఇంజను చచ్చింది. మలుపులో నీళ్లు తోసేస్తే ఒడ్డు పట్టుకోలేను, నది మధ్యలోంచే వస్తా. నువ్వు మలుపుకి నీ వైపునే, వెడల్పు దగ్గర ఆగిపో."

"అలాగేలే గికు, ఆగుతా. ఈ ముక్క మింగనీ," అన్నాడు నికుషోర్, నోటినిండా మాంసంతో.

అతను నిజంగానే ఆగుదామనుకున్నాడు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కానీ ఆ ముక్క మింగేసరికి మా కెప్టెన్ స్వయంగా గరిటె తీసుకుని రెండోసారి వడ్డించారు.

"అయ్యో, చాలు కెప్టెన్."

"చాలేమిటి? మా అమ్మ వంట. అడుగున మాడిన ముక్కే అసలు రుచి."

నికుషోర్ ఆ ముక్క రుచి చూశాడు. కళ్లు మూసుకున్నాడు. గికూ, వాడి కుడి ఇంజనూ, గోధుమలూ అతని తలలోంచి ఎగిరిపోయాయి. అది నా కళ్ల ముందే జరిగింది.

నేను లెక్కేశాను. మలుపుకి రెండు మైళ్లు లేదు. మా వేగం, ఎదురొచ్చేవాడి వేగం కలిపితే మహా అయితే ఎనిమిది నిమిషాలు. వెడల్పు ఉన్న చోటు అంతకంటే ముందే దాటిపోతుంది. మెల్లిగా కెప్టెన్ పక్కన చేరి, కిటికీ తుడుస్తున్నట్టు నటిస్తూ చెవిలో చెప్పాను.

"కెప్టెన్ గారూ, ఎదురుగా ఆరు బార్జీలొస్తున్నాయి. తోసే పడవకి ఒక ఇంజను పోయిందట. మలుపుకి ఇవతల ఆగమన్నాడు. ఈయన ఆగుతానన్నాడు. మర్చిపోయినట్టున్నాడు."

కెప్టెన్ రెప్ప కూడా వేయలేదు. "నాకు చెప్పాడా?"

"మీకు చెప్పలేదండీ. రేడియోలో మా భాషలో అన్నాడు."

"మరి చెప్పని సంగతి నాకెలా తెలిసిందని చెప్పమంటావు? ఇప్పుడు ఓడ ఆపమంటే, నీకు వాళ్ల భాష వచ్చని వాడికి తెలిసిపోదూ?"

"తెలిస్తే ఏమవుతుందండీ?"

"నాలుగు కార్టన్లవుతుంది. కాసేపు చూద్దాం. వాడే చెబుతాడు."

ఆయన లెక్కలో తప్పేమీ లేదు. సిగరెట్ల వరకూ.

ఇంకో దారి పట్టాను. పైలట్ దగ్గరికి పోయి ఇంగ్లీషులో, చదువుకున్న బల్గేరియా పిల్లలా అడిగాను. "సర్, ఎదురుగా పడవలేమైనా ఉన్నాయా?"

"నో ప్రాబ్లం, నో ప్రాబ్లం. నువ్వూ కాస్త తినమ్మా బల్గేరియా."

మీట దగ్గరికి తిరిగొచ్చాను. వెడల్పు చోటు పక్కనుంచే జారిపోయింది. అక్కడ ఒక ముసలావిడ మెట్ల మీద చేపలు తోముతోంది. కాఫీ యంత్రం పక్కన బొమ్మలో అమ్మాయి వేలెత్తి నవ్వుతోంది. దాని మెడ పిసకాలనిపించింది. ఎందుకో తెలుసా, అయిదేళ్లు. అయిదేళ్లుగా ఇతరుల కోసం పటాలు దిద్ది, టిక్కులు పెట్టి, అభిప్రాయాలు రాసి తెచ్చుకున్న ఉత్తరం అది. నాకు భయమేసింది. బార్జీలకంటే ఆ సొరుగే ఎక్కువ భయపెట్టింది. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను, దాదాపు రెండు నిమిషాలు నేను నోట్లో నీళ్లు పోసుకున్నట్టు ఊరుకున్నాను.

అప్పుడు మలుపు దగ్గర చెట్లపైన తెల్లటి స్తంభం ఒకటి కనిపించింది. తోసే పడవది. అది మధ్యలోనే ఉంది. గికు అబద్ధం చెప్పలేదు. మా ఓడ ముందుకొసన క్రెషిమిర్ రేవులో దిగాక ఏ రైలు ఎక్కాలా అని చూసుకుంటున్నవాడిలా నిలబడి ఉన్నాడు. ఢీకొంటే మొదట నలిగేది అతనే.

"నికుషోర్ బాబాయ్," అన్నాను, మా భాషలో, తుల్చా చేపల బజారులో అరిచే గొంతుతో. "ఆ చెంచా కింద పెట్టు. గికు మధ్యలోంచి వస్తున్నాడు. ఆగుతానన్నావు, ఆగలేదు."

చెంచా నేల మీద పడ్డ చప్పుడు అందరం విన్నాం. ఆ వయసు మనిషి అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్క చూపు చూసి, "యంత్రం వెనక్కి, పూర్తిగా. చుక్కాని కుడికి. ముందు లంగరు వదలమను," అన్నాడు. ఆ మూడు మాటలూ స్పష్టంగా, ఇంగ్లీషులో, ఒక్క అక్షరం తడబడకుండా అన్నాడు. నేను మీట వెనక్కి లాగాను. రొడెల్ చుక్కాని తిప్పాడు. ముందుకొసన క్రెషిమిర్ రైలు సంగతి మర్చిపోయి లంగరు బ్రేకు వదిలాడు. గొలుసు తుప్పు ధూళి లేపుతూ నదిలోకి దూకింది. కెప్టెన్ టై పట్టుకుని నిలబడ్డారు.

ఓడ వణుకుతూ కుడి ఒడ్డు రెల్లులోకి ముక్కు దూర్చింది. మెత్తటి బురద. ఎడమపక్కనుంచి ఆరు బార్జీలూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. తోసే పడవ మీద ఆరేసిన చొక్కాలకున్న బొత్తాలు నాకు కనిపించాయి. గికు కాబోలు, కిటికీలోంచి చేయి బయటికి పెట్టి మా వైపు ఒక సంజ్ఞ చేశాడు. దాన్ని ఏ భాషలోకీ మార్చనక్కర్లేదు.

నికుషోర్ చెమట తుడుచుకుని నా వైపు తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది.

"నువ్వు మన పిల్లవా?"

"తుల్చా."

"ఎవరి అమ్మాయివి?"

"తారు పూసే కారైమాన్ కూతుర్ని."

"ఓరి దేవుడా, ఆయన నా మొదటి పడవకి తారు పూశాడు. మరి పొద్దుటినుంచీ ఎందుకమ్మా మాట్లాడలేదు? నేనేదో వాగినట్టున్నానే."

"కాఫీ సంగతి నిజమే బాబాయ్," అన్నాను.

అతనికి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది, ఇద్దరం కాస్త ఎక్కువసేపే నవ్వాం. కెప్టెన్ మాత్రం మొహం గంటు పెట్టుకున్నారు. ఆయన అన్న మొదటి మాట ఇది.

"ఇప్పుడు ఎన్ని అడుగుతాడు?"

ఆయన అనుకున్నదే జరిగింది. ఓడ బురదలోంచి సులువుగానే బయటపడింది గానీ, తుల్చాలో దిగేటప్పుడు నికుషోర్ నాలుగు కార్టన్లు, మిగిలిన గొర్రెమాంసం పాత్రతో సహా పట్టుకుపోయాడు.

గలాత్సిలో లంగరు పడింది. సొరుగు తెరుచుకోలేదు. కెప్టెన్ రెండు రోజులు తలుపు వేసుకుని కంపెనీకి నివేదిక రాశారు. దాని నకలు నాకు చూపించారు. 'పైలట్ ప్రయాణాల్లో పొంచి ఉండే ప్రమాదాన్ని ముందే ఊహించి, స్థానిక భాష తెలిసిన అధికారిని నేను ఉద్దేశపూర్వకంగా, రహస్యంగా బ్రిడ్జి మీద ఉంచాను. సరైన క్షణంలో ఆమె నా వ్యూహం ప్రకారం మాట్లాడింది.' నా పేరు లేదు. స్థానిక భాష తెలిసిన అధికారిని నేనే అని నాకు తెలుసు కాబట్టి సరిపోయింది.

కంపెనీ ఉబ్బితబ్బిబ్బయింది. వారం తిరక్కుండా అన్ని ఓడలకీ ఉత్తర్వు పంపింది. వీలైన ప్రతి రేవులోనూ కొందోస్ పద్ధతి పాటించాలట. కెప్టెన్ దాన్ని మాకరోనీ గోపురం పత్రం పక్కన మేకు కొట్టించారు. ఆ మేకు రొడెల్ కొడుతుండగా నేను ఉత్తరం సంగతి అడిగాను.

"అదే చెబుదామనుకుంటున్నా," అన్నారాయన చాలా ప్రేమగా. "నదిలో చీఫ్ ఆఫీసర్ ఎక్కడుంటాడు?"

"ముందుకొసన."

"నిన్ను ముందుకొసకి పంపిస్తే ఇక్కడ పైలట్ మాటలు వినేదెవరు? నీలాంటి మనిషి బ్రిడ్జి మీదే ఉండాలి. కంపెనీ కూడా అదే అంది. క్రెషిమిర్‌ని ఇంకో నెల ఉండమన్నా. ఆ తరవాత ఎవరో ఒకరు దొరకరా?"

"అంటే నేను మాట్లాడినందుకు ఆపేశారన్నమాట."

"ఛ, అదేం మాట. నువ్వు లేకపోతే ఓడ లేదు. అందుకనే ఆపాను. ఒకరిద్దరికే గదా తెలిసింది. మిగతా పైలట్ల దగ్గర నువ్వు ఎప్పటిలాగే బల్గేరియా."

ఆ మధ్యాహ్నం క్రెషిమిర్ సర్దుకున్న పెట్టె మళ్లీ విప్పుతూ కనిపించాడు. మనవరాలికి కొన్న గవ్వల దండని తీసి మేకుకి తగిలించాడు. "నీ తప్పు కాదమ్మాయ్," అన్నాడు. అతని గొంతులో కోపం ఉన్నా బాగుండేది.

నాకు మటుకు కోపం వచ్చింది. రాత్రంతా ఉంది. పొద్దున లేచేసరికి చల్లబడి, పనికొచ్చేలా తయారైంది.

మొక్కజొన్నలు నింపుకుని కిందికి బయల్దేరినప్పుడు నదీ రాకపోకలు చూసే కేంద్రానికి రేడియోలో చెప్పాలి. అది సెకండ్ ఆఫీసర్ పని. ఓడ పేరు, సరుకు, బయల్దేరిన వేళ, రోజూ ఇంగ్లీషులో చెప్పే నాలుగు ముక్కలు. ఆ మాటల్ని నది మీద ఉన్న ప్రతి పైలటూ వింటాడు. నేను మీట నొక్కి మా భాషలో మొదలుపెట్టాను.

"ఎవ్‌దోకియా ఓడ, గలాత్సి నుంచి బయల్దేరింది. మొక్కజొన్న. మాట్లాడేది సెకండ్ ఆఫీసర్ స్మరాండా, తుల్చా తారు కారైమాన్ కూతురు. బాబాయిలందరికీ నమస్కారం. ఈ ఓడలో మన భాష వచ్చినవాళ్లు ఉన్నారు. ఏ సంగతైనా నాకు సూటిగా చెప్పండి."

రేడియోలో వరసపెట్టి గొంతులు. ఒకడు మా నాన్న ఆరోగ్యం అడిగాడు. ఒకడు నా చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచాడు. గికు కూడా ఉన్నాడు, చొక్కాలన్నీ క్షేమమని చెప్పాడు. కెప్టెన్‌కి ఒక్క మాటా అర్థం కాలేదు గానీ, స్మరాండా అనే పేరు ఎనిమిది సార్లు వినిపించేసరికి విషయం బోధపడింది.

కిందికి పోయేటప్పుడు ముగ్గురు పైలట్లు మారారు. మొదటివాడు నాలుగు కార్టన్లు. రెండోవాడు నాలుగు కార్టన్లు, కెప్టెన్ సొంత సీసాలోంచి రెండు గ్లాసులు. సులినాలో మూడోవాడు ఎక్కేసరికి దుకాణం గదిలో సిగరెట్లు లేవు. వాడు మర్యాదస్తుడు, కాఫీ యంత్రంతో సరిపెట్టుకుంటానన్నాడు. వాళ్లు ముగ్గురూ నదిలో ప్రతి మలుపూ నాకు చెప్పారు. నేను ప్రతి మాటా కెప్టెన్‌కి గట్టిగా చెప్పాను. బ్రిడ్జి మీద అంత కలసికట్టుగా పని జరగడం నా నౌకరీలో అదే మొదటిసారి.

సముద్రంలోకి రాగానే కెప్టెన్ సొరుగు తెరిచారు.

"పైలట్ల కళ్లబడని చోటు ఓడలో ఎక్కడుంది?" అని అడిగారు, తనని తానే అడుగుతున్నట్టు. "ముందుకొసన. సరే. క్రెషిమిర్ ఇంటికి పోవచ్చు. నువ్వు ముందుకి."

సంతకం పెట్టారు. ఉత్తరం చివర బలాలు, లోపాలు అని రెండు గళ్లుంటాయి. బలాలు గడి ఖాళీగా వదిలారు. లోపాలు గడిలో ఒకే ఒక మాట రాశారు. 'మాట్లాడుతుంది.' ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. క్రెషిమిర్ దిగేటప్పుడు అది చూసి, పైకే నవ్వి, గవ్వల దండ జేబులో వేసుకుని నన్ను రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుని పోయాడు.

రెండు నెలల తరవాత మళ్లీ సులినా. ఈసారి చీఫ్ ఆఫీసర్‌ని నేనే. లంగరు పక్కన, కావాలనుకున్న చోట, కావాలనుకున్న హోదాలో నిలబడ్డాను. బ్రిడ్జి మీద కొత్త సెకండ్ ఆఫీసర్ ఉన్నాడు, పోర్చుగల్ వాడు, మంచివాడు, టిక్కులు నాకంటే అందంగా పెడతాడు. మా భాష ఒక్క ముక్క రాదు. పన్నెండున్నరకి పైకి భోజనం వెళ్లడం ముందుకొస నుంచే చూశాను. మట్టిపాత్రే.

కాసేపటికి నా చేతిలో రేడియోలో, ఎవరో ఎవరికో మా భాషలో అన్నారు, ముందు ఇసుక తోడే పడవ తాడు తెగి అడ్డంగా తిరుగుతోంది, నెమ్మదించమని. పైలట్ సరే అన్నాడు. నోట్లో ఏదో ఉన్న గొంతు.

ఓడ వేగం తగ్గలేదు. నేను బ్రిడ్జిని పిలిచి సంగతంతా చెప్పాను.

"పైలట్ చూసుకుంటున్నాడు," అన్నారు కెప్టెన్. "ముందున్నవాళ్లు లంగరు చూసుకోండి."

వెనక్కి తిరిగి పైకి చూశాను. అద్దాల వెనక అందరూ ఉన్నారు. కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు, కుర్రాడు కెప్టెన్‌ని చూస్తున్నాడు, వెనక బల్ల దగ్గర ఒక వీపు కనిపిస్తోంది. నేను రేడియోని మెడకి తగిలించుకుని, కెప్టెన్ చెప్పినట్టే లంగరు చూసుకున్నాను. ఎవరి ఆజ్ఞా లేకుండా లంగరుని పట్టి ఉంచే బ్రేకు చక్రాన్ని ఒక చుట్టు వదులు చేసి, రెండు చేతులూ దాని మీదే పెట్టి నిలబడ్డాను.